లక్షా ఇరవై వేల రీజెనరేటివ్ ప్యాకేజీకి రెండు స్టార్లు, అందులో ఒకటి వాళ్ళ కాఫీకి

ముందే చెప్తున్నా, ఇది మగాళ్ళ సమస్య గురించిన రివ్యూ, పిల్లల చేతిలో ఫోను ఉంటే రాత్రికి చదువుకోండి. క్లినిక్ పేరు రాయను, అడక్కండి, రాజమండ్రిలో అన్నంతవరకే చెప్తా. నాలుగు సార్లు వెళ్ళాను, దాదాపు ఐదు నెలలు తిరిగాను, డబ్బులు కట్టాను, కాబట్టి రివ్యూ రాసే హక్కు నాకుంది.

నా వయసు 47. ఆకివీడు పక్కన రొయ్యల చెరువులు, సగం సొంతం సగం లీజు. షుగర్ వచ్చి ఆరేళ్ళు. రెండేళ్ళ నుంచి ఆ సమస్య. సమస్య అంటే విప్పి చెప్పాలి కదా, అంగస్తంభన సరిగ్గా రావట్లేదు, వచ్చినా మధ్యలోనే దిగిపోతోంది. చూడండి, ఈ మాట టైప్ చెయ్యడానికే పది నిమిషాలు పట్టింది నాకు, మన భాషలో దీనికి ఉన్నవి రెండే రకాల మాటలు, ఒకటి పాఠం పుస్తకంలోది, రెండోది బూతు. అందుకే అందరం "నరాల వీక్‌నెస్" అనేసి ఊరుకుంటాం, పాపం నరాల తప్పున్నా లేకపోయినా.

ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. మెడికల్ షాపు మా పిన్ని కొడుకుది, అక్కడికెళ్ళి ఆ మాత్ర అడిగితే సాయంత్రానికి చెరువు గట్టు మీద కాపలా కుర్రాడికి కూడా తెలిసిపోతుంది. రైలు స్టేషన్ గోడల మీద "గుప్తరోగాలు, ప్రతి నెలా రెండో ఆదివారం ఫలానా లాడ్జి, రూం నంబరు ఇంత" అని పెయింటు రాతలు ఉంటాయే, అవి చూసి చిన్నప్పటి నుంచీ నవ్వుకునేవాణ్ణి. లాడ్జి డాక్టర్ని చూసి నవ్వినోణ్ణి గ్లాసు తలుపు, ఏసీ, తెల్లకోటు చూసి పడిపోయాను, అదే విచిత్రం. ఫోనులో రాత్రి పదకొండింటికి ఒక వీడియో వచ్చింది, మాత్రలు లేవు, ఆపరేషన్ లేదు, మీ ఒంట్లోని శక్తితోనే మీ అవయవం మళ్ళీ కొత్తగా తయారవుతుంది అని. నంబరు కొట్టాను. అంతే, మర్నాడు పొద్దున్న ఏడున్నరకి ఫోను, నేను చెరువులో మేత వేయిస్తున్నా, పక్కన ఆరుగురు ఉన్నారు, ఆ అమ్మాయేమో "సార్ మీకు ఎన్నాళ్ళ నుంచి ప్రాబ్లం" అని అడుగుతోంది, నేను "ఏరేటర్ బాగానే తిరుగుతోందండి, మళ్ళీ చేస్తాను" అని పెట్టేశాను.

మా ఆవిడకి ఏం చెప్పాలి? కడియం నర్సరీకి మొక్కలకి వెళ్తున్నా అన్నాను. భీమవరం మీదుగా తణుకు, అక్కడి నుంచి హైవే ఎక్కి సిద్ధాంతం వంతెన, రావులపాలెం, జొన్నాడ వంతెన, రాజమండ్రి, రానూపోనూ దాదాపు రెండొందల కిలోమీటర్లు. తిరిగొచ్చేటప్పుడు చచ్చినట్టు కడియంలో ఆగి ఏదో ఒక మొక్క కొనాలి. అలా ఇప్పుడు మా వాకిట్లో రెండు మామిడి, ఒక సపోటా, పదకొండు గులాబీలు ఉన్నాయి. ఈ ట్రీట్‌మెంట్ వల్ల ఏదైనా నిజంగా పెరిగిందంటే అవే.

క్లినిక్ విషయానికొస్తే రిసెప్షన్ అద్భుతం, అబద్ధం ఎందుకు. ఫిల్టర్ కాఫీ ఇచ్చారు, మంచి చిక్కటి డికాక్షన్, గదుల మధ్య తలుపులు గట్టివి, ఒక పేషెంటు ఇంకో పేషెంటుకి ఎదురు పడకుండా టైములు ఇచ్చారు. ఆ ఒక్క విషయంలో మన గవర్నమెంటు ఆసుపత్రులు, ప్రైవేటు ఆసుపత్రులు అందరూ వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి. భీమవరంలో అయితే నర్సు వరండాలోకి వచ్చి పేరు పెట్టి పిలిచి "మూత్రం ఇచ్చారా అండీ" అని అరుస్తుంది.

కానీ మొదటి నలభై నిమిషాలు నాతో మాట్లాడింది డాక్టరు కాదు, కౌన్సెలర్ అంట. టై కట్టుకున్న కుర్రాడు, ట్యాబ్‌లో బొమ్మలు చూపించాడు. షాక్‌వేవ్ అంటే తరంగాలతో కొత్త రక్తనాళాలు పుట్టిస్తారు, పీఆర్‌పీ అంటే మన రక్తమే తీసి తిప్పి అందులో ప్లేట్‌లెట్లు చిక్కగా చేసి అక్కడే ఇంజక్షన్ చేస్తారు, ఎక్సోసోములు అంటే కణాలు విడిచే అతి చిన్న తిత్తులు, ఇంకా పై రకం, స్టెమ్ సెల్స్ అంటే మూలకణాలు, అన్నిటికన్నా పైది, అది మూడున్నర లక్షలు. వరసగా మెట్లు ఎక్కించినట్టు చెప్పాడు. ఆరు షాక్‌వేవ్ సిట్టింగులు, రెండు పీఆర్‌పీలు కలిపి లక్షా అరవై, ఈరోజే కడితే లక్షా ఇరవై, ఈఎంఐ కూడా ఉంది.

ఇక్కడ నాకు బుర్ర వెలగాలి అసలు. పదిహేనేళ్ళుగా రొయ్యలు వేస్తున్నా, ఇలాంటి టై కుర్రాళ్ళు నెలకి నలుగురు గట్టు మీదకి వస్తారు, ఒకడు ప్రోబయోటిక్ అంటాడు ఒకడు మినరల్స్ అంటాడు ఒకడు గట్ క్లీనర్ అంటాడు, రొయ్య తేలిపోతుంటే భయంలో ఉంటాం కదా, ఏది ఇస్తే అది కొనేస్తాం, తర్వాత నీళ్ళు ల్యాబ్‌కి పంపిస్తే తెలుస్తుంది అసలు గొడవ అడుగున ఉన్న బురదలో అని. భయపడినోడు బేరం ఆడడు. నేను కూడా ఆడలేదు. మా పక్కూరాయన ఒక బస్తా మేతకి యాభై రూపాయలు తగ్గించమని గంట సేపు కూర్చునే రకం, నేనూ ఆ రకమే, కానీ ఆ రోజు కార్డు ఇచ్చేశాను.

డాక్టరు గారు తర్వాత ఐదు నిమిషాలు చూశారు. షుగర్ ఉందా అన్నారు, ఉందండి అన్నాను, కంట్రోల్లో ఉందా అన్నారు, ఉందండి అన్నాను. రిపోర్టు అడగలేదు. నేను ఏడాది నుంచి చేయించలేదు కూడా. ఆ ప్రశ్నకి నేను అబద్ధం చెప్పాను, ఆ తప్పు నాదే, కానీ లక్షా ఇరవై తీసుకునేవాళ్ళు మూడొందల రూపాయల రక్తపరీక్ష చేయించలేరా?

షాక్‌వేవ్ ఎలా ఉంటుందో చెప్తా, చాలామంది భయపడతారు. భయపడాల్సింది ఏమీ లేదు. పడుకోబెడతారు, కడుపు స్కానింగ్‌కి రాసే జెల్ లాంటిది రాస్తారు, తర్వాత పిస్తోలు లాంటి పరికరం మొన ఆనించి టకటకటక అని కొడుతుంది, అంగం మీద కొన్ని చోట్ల, కింద మొదలు దగ్గర కొన్ని చోట్ల. ఇరవై నిమిషాలు. నొప్పి లేదు, చిటికెలు వేసినట్టు ఉంటుంది. మత్తు అక్కర్లేదు, వెంటనే కారు నడుపుకుంటూ వచ్చేయొచ్చు. చేసేది టెక్నీషియన్ కుర్రాడు, మర్యాదస్తుడే, పాపం ఎటో చూస్తూ క్రికెట్ గురించి మాట్లాడతాడు.

రెండో సిట్టింగులో ఒకటి గమనించాను. మిషను పక్కన చిన్న కంప్రెసరు గుర్రుమంటోంది. ఈ శబ్దం ఎక్కడో విన్నానే అనుకున్నా. కారెక్కి వేమగిరి దాటాక గుర్తొచ్చింది. మా అమ్మకి మడమ నొప్పి, భీమవరంలో ఫిజియోథెరపీకి తీసుకెళ్తే సిట్టింగుకి ఐదొందలు తీసుకుని అచ్చం ఇలాంటి పిస్తోలుతోనే మడమ మీద కొట్టారు, అదే శబ్దం, అదే జెల్. ఆమెకి తగ్గింది కూడా. సరే ఒకే కంపెనీ రెండు రకాలు తయారు చేస్తుందేమోలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నా.

పీఆర్‌పీ వేరే. ఇది మూడో ట్రిప్పులో. చేతి నుంచి రక్తం తీశారు, ఒక మిషనులో గిరగిరా తిప్పారు, పైన పసుపు రంగు తేట తేలింది. అక్కడ తిమ్మిరి ఎక్కే క్రీం రాసి అరగంట ఉంచి, సన్న సూదితో రెండు పక్కలా ఇచ్చారు. సూది చూసినప్పుడు ఉన్నంత భయం గుచ్చినప్పుడు లేదు. కానీ మర్నాటికి నేరేడు పండు రంగులో కమిలిపోయింది, వారం రోజులు. అప్పుడే దొరికిపోయాను. మా ఆవిడ కళ్ళు మామూలువి కావు.

"ఏవండీ, కడియంలో మొక్కలు అక్కడ పెట్టి నాటుతున్నారా?" అంది.

చెప్పేశాను మొత్తం. అరుస్తుందనుకున్నా, అరవలేదు. కాసేపు ఊరుకుని "షుగర్ చూపించుకోండి చూపించుకోండి అని ఏడాది నుంచి మొత్తుకుంటున్నా, దానికి టైం లేదు గానీ, దీనికి లక్ష పోసి రాజమండ్రి వెళ్ళారా, నాకు చెప్తే నేనేమన్నా ఊళ్ళో దండోరా వేయిస్తానా" అంది. రెండేళ్ళుగా తనంటే ఇష్టం తగ్గిందేమో అనుకుందంట. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. ఈ రివ్యూలో స్టార్లు వెయ్యలేనిది అదొక్కటే.

ఫలితం సంగతి. పీఆర్‌పీ అయ్యాక రెండు మూడు వారాలు నిజంగానే బాగుంది. అబద్ధం కాదు, తేడా తెలిసింది, క్లినిక్ వాళ్ళకి ఫోన్ చేసి థాంక్స్ కూడా చెప్పాను, వాళ్ళు వీడియో టెస్టిమోనియల్ ఇవ్వమన్నారు, మొహం బ్లర్ చేస్తాం అన్నారు, దేవుడు మేలు చేశాడు ఒప్పుకోలేదు. నెల తిరిగేసరికి మళ్ళీ మొదటికి వచ్చింది. నాలుగో షాక్‌వేవ్ అయ్యాక అడిగితే "మీది కొంచెం మొండి కేసు సార్, స్టెమ్ సెల్స్‌కి వెళ్దాం, కట్టినదాంట్లో ముప్పై వేలు అడ్జస్ట్ చేస్తాం" అన్నాడు టై కుర్రాడు. లేచి వచ్చేశాను. ఆ రోజు మొక్క కూడా కొనలేదు.

అప్పుడు మా ఆవిడే మా బావగారికి చెప్పింది. ఆయనకి ప్రోస్టేట్ సమస్య ఉంది, భీమవరంలో ఒక యూరాలజిస్ట్ దగ్గర చూపించుకుంటారు. "ఏవయ్యా, ఇంటికి ఇరవై కిలోమీటర్లలో ఆయన్ని పెట్టుకుని గోదావరి దాటి పోయావా" అన్నారు. వెళ్ళాం. ఓపీ 400. కాఫీ లేదు. ప్లాస్టిక్ కుర్చీలు, రెండు గంటలు వెయిటింగ్, పక్కన కూర్చున్నాయన మా చెరువుల్లో పట్టుబడికి వచ్చే వలల ముఠా మేస్త్రీ, "మీరేంటండి ఇక్కడ" అన్నాడు, "రాళ్ళండి" అన్నాను, "నాకూ రాళ్ళేనండి, ఆయ్" అన్నాడు. ఇద్దరికీ రాళ్ళు లేవని ఇద్దరికీ తెలుసు.

ఆ డాక్టరు గారు ముందు ఒక కాగితం ఇచ్చారు, ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి మార్కులు వేసుకోవాలి, మొత్తం 25. 22 గానీ ఆపైన గానీ వస్తే సమస్య లేనట్టు, 17 నుంచి 21 అయితే తేలిక, 7 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే తీవ్రం. నాకు 11 వచ్చింది. పదో తరగతి లెక్కల్లో కూడా ఇంత తక్కువ రాలేదు. తెల్లారుజామున లేచేసరికి స్తంభన ఉంటోందా అని అడిగారు. నిద్రలో బాగానే వస్తుంటే గొడవ ఎక్కువగా మనసులో ఉన్నట్టు, నిద్రలో కూడా రాకపోతే ఒంట్లో ఉన్నట్టు అంట. పాతరోజుల్లో దీనికి పోస్టల్ స్టాంపుల వరస చుట్టూ అంటించుకుని పడుకోమనేవారంట, తెల్లారేసరికి చిరుగుల దగ్గర తెగి ఉంటే పాస్. నేను నవ్వితే నిజమేనయ్యా అన్నారు.

తర్వాత పరీక్షలు రాశారు. మూడు నెలల షుగర్, కొలెస్ట్రాల్, పొద్దున్నపూటే తీసిన రక్తంలో టెస్టోస్టిరోన్ అనే మగ హార్మోను, అక్కడి రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్, పైగా గుండెకి ట్రెడ్‌మిల్. గుండెకెందుకండి అంటే ఆయన చెప్పింది విని చల్లగా చెమటలు పట్టాయి. అక్కడి రక్తనాళం లావు ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండెకి వెళ్ళేవి మూడు నాలుగు. పూడిక మొదలైతే సన్నదాంట్లో ముందు తెలుస్తుంది, గుండెలో తెలియడానికి ఇంకొన్నేళ్ళు పడుతుంది. "శివారు చేనుకి నీళ్ళు ఆగాయంటే కాలువ మొత్తం చూసుకోవాలి కదయ్యా, రైతువి, నీకు నేను చెప్పాలా" అన్నారు. అయిదు నెలలు అక్కడ ఎవ్వరూ నా గుండె ఊసే ఎత్తలేదు.

నా మూడు నెలల షుగర్ 9.4 వచ్చింది, బాగా ఎక్కువ. టెస్టోస్టిరోన్ 410, పర్లేదు, 300 కిందకి వస్తేనే ఆలోచించాలంట. డాప్లర్‌లో రక్తం వేగం తక్కువ. ట్రెడ్‌మిల్ పాస్.

ఇక నేను చేయించుకున్నవన్నీ చెప్పాను, తిడతారనుకున్నా. తిట్టలేదు, ఒక్కోటీ విడదీసి చెప్పారు, అది నాకు బాగా నచ్చింది, ఆయన చెప్పినట్టే రాస్తున్నా. షాక్‌వేవ్ మోసం కాదు అన్నారు. కిడ్నీ రాళ్ళు పగలగొట్టడానికి 1980లో జర్మనీలో మొదలెట్టిన తరంగాలే, కాకపోతే చాలా తక్కువ శక్తితో. 2010లో ఇజ్రాయెల్‌లో 20 మంది మీద చేసి బాగుందని రాశారు, అప్పటి నుంచి చాలా పరీక్షలు జరిగాయి, కొన్నిటిలో పని చేసింది, కొన్నిటిలో అంతంత మాత్రం. యూరప్ యూరాలజీ సంఘం వాళ్ళు రక్తప్రసరణ తగ్గి తేలికగా సమస్య ఉన్నవాళ్ళకి వాడొచ్చు అంటారు, అది కూడా గట్టిగా కాదు, నెమ్మదిగా. అమెరికా యూరాలజీ సంఘం వాళ్ళు 2018లో ఇది ఇంకా ప్రయోగమే అన్నారు. అమెరికాలో మందులకి, పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఈ సమస్యకని షాక్‌వేవ్‌కి గానీ పీఆర్‌పీకి గానీ స్టెమ్ సెల్స్‌కి గానీ అనుమతి ఇవ్వలేదు.

పైగా మిషన్లు రెండు రకాలంట. లోపలికి ఒక చోట కేంద్రీకరించి పంపేది ఒకటి, గాలి ఒత్తిడితో పైపైన కొట్టేది రెండోది. పరీక్షలు ఎక్కువగా జరిగింది మొదటిదానితో. రెండోది మడమలకి, భుజాలకి వాడేది, చవక. కంప్రెసరు శబ్దం గురించి చెప్పగానే డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, ఏమీ అనలేదు. నాకు అర్థమైపోయింది. ఐస్ బాక్సుల్లో ఒడిశా నుంచి దిగిన ఇలసని తెచ్చి గోదావరి పులస అని అమ్ముతారే, తిన్నాక గానీ తెలియదు, తిన్నాక తెలిసినా ఎవరికీ చెప్పుకోలేం, అదే కథ.

పీఆర్‌పీ మీద రెండు పరీక్షలు చెప్పారు. గ్రీసులో 60 మంది మీద చేస్తే ఆరు నెలలకి పీఆర్‌పీ వేసినవాళ్ళలో 69 శాతం మందికి, ఉత్త ఉప్పునీళ్ళ సూది వేసినవాళ్ళలో 27 శాతం మందికి మెరుగైంది. బాగానే ఉంది కదా. 2023లో అమెరికా మయామీ వాళ్ళు అలాంటిదే 61 మందితో చేస్తే నెల తర్వాత పీఆర్‌పీ వాళ్ళు 58 శాతం, సెలైన్ వాళ్ళు 54 శాతం, అంటే తేడా లేనట్టే. నాకు ఆ 54 దగ్గర బుర్ర ఆగిపోయింది. ఉప్పునీళ్ళు పొడిపించుకున్నవాళ్ళలో సగం మందికి పైగా బాగైంది అన్నారంటే, నా ఆ రెండు మూడు వారాల సంబరం దేనివల్ల వచ్చింది? డబ్బు కట్టిన ధైర్యం వల్ల వచ్చి ఉంటుంది. అంత ఖరీదైన ధైర్యం నేనెప్పుడూ కొనలేదు.

స్టెమ్ సెల్స్ విషయంలో మాత్రం ఆయన గట్టిగానే అన్నారు. మన దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్ ప్రకారం కొన్ని రక్తం జబ్బుల్లాంటి వాటికి చేసే మూలకణాల మార్పిడి తప్ప మిగతావి అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్లోనే చెయ్యాలి, ట్రయల్లో పేషెంటు దగ్గర డబ్బులు వసూలు చెయ్యకూడదు. మూడున్నర లక్షలు అడిగారంటేనే తెలుసుకోవాలి అది ట్రయల్ కాదని. మగతనం పెంచుతాం అని ప్రకటనలు వెయ్యడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం అంట, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అంటారు. గోడ మీద పెయింటుకైనా అదే, ఫోనులో వీడియోకైనా అదే.

ఆ తర్వాత నాకిచ్చింది ఏంటో తెలుసా, తడలాఫిల్ 5 మిల్లీగ్రాములు, రోజుకొకటి. బావగారు ప్రోస్టేట్‌కి వేసుకునేది కూడా అదేనంట, ఇన్నాళ్ళూ ఆయన డైనింగ్ టేబుల్ మీదే ఉంది ఆ డబ్బా. ఈ జాతి మందుల్లో మొదటిది సిల్డెనాఫిల్, అదే వయాగ్రా, గుండె నొప్పికని మొదలెట్టి పరీక్షిస్తుంటే ఈ గుణం బయటపడింది, 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు మన దేశంలో బోలెడు కంపెనీలు చేస్తున్నాయి కాబట్టి నెలకి నాకు అయ్యే ఖర్చు ఒక్క ట్రిప్పు పెట్రోలు కన్నా తక్కువ. దీంతోపాటు షుగర్ మందు మార్చారు, సిగరెట్లు మానమన్నారు, రోజూ నడవమన్నారు. నెలకోసారి తాగడానికి యానాం వెళ్ళే బ్యాచ్ గురించి కూడా అడిగారు, ఆయనకెలా తెలిసిందో.

ఒక ముఖ్యమైన సంగతి, గుండెకి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు ఈ మందు ముట్టుకోకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. మా పిన్ని కొడుకు షాపులో చీటీ లేకుండా అడిగిన ప్రతివాడికీ ఇచ్చేస్తున్నాడని ఈమధ్యే తెలిసింది, వాడితో పెద్ద గొడవైంది నాకు.

మాత్ర పని చెయ్యకపోతే? అదీ అడిగాను. వాక్యూమ్ పంపు ఉంది, మనమే చేసుకునే ఇంజక్షన్ ఉంది, చివరికి ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది, అది లక్షల్లోనే, కానీ ఏళ్ళ తరబడి చేస్తున్నది, ఏం వస్తుందో ముందే చెప్పగలిగేది. ఇంజక్షన్ గురించి ఒక కథ చెప్పారు, 1983లో లాస్ వేగాస్‌లో డాక్టర్ల మీటింగులో బ్రిండ్లీ అనే ఇంగ్లండ్ ప్రొఫెసరు తనకి తనే హోటల్ గదిలో ఇంజక్షన్ చేసుకుని వచ్చి, ఉపన్యాసం మధ్యలో ప్యాంటు దించి సభకి చూపించాడంట. వాళ్ళావిడ ఏమందో ఎవరైనా రాసుంటే బాగుండు.

నాలుగు నెలలైంది. షుగర్ 7.1కి దిగింది. అయిదు ప్రశ్నల కాగితం మళ్ళీ రాస్తే 18. పాతికేళ్ళ కుర్రాణ్ణి అయిపోలేదు, చెప్తున్నా, కొన్ని రోజులు ఇప్పటికీ కుదరదు, కానీ కుదరని రోజున మొహం చాటేసి చెరువు కాపలాకి పోవడం మానేశాను. ఈసారి ఆయనే అన్నారు, షుగర్ ఇంకా తగ్గి సంవత్సరం గడిచాక కావాలంటే మంచి మిషను ఉన్నచోట షాక్‌వేవ్ ప్రయత్నించొచ్చు, గ్యారంటీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు అని. గ్యారంటీ లేదు అని చెప్పినందుకే ఆయన మీద నమ్మకం పెరిగింది.

డబ్బులు వెనక్కి అడిగితే క్లినిక్ వాళ్ళు మొదట సంతకం పెట్టిన కాగితం చూపించారు, నాన్ రిఫండబుల్ అని చిన్న అక్షరాల్లో ఉంది. మా అబ్బాయి చెప్తే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింటు నంబరు తీసుకుని దాన్ని వాళ్ళకి మెసేజ్ పెట్టాను, వారం తర్వాత వాడని రెండో పీఆర్‌పీకి 25 వేలు అకౌంట్లో వేశారు. మిగిలిన రెండు షాక్‌వేవ్‌లకి డబ్బు ఇవ్వం, కావాలంటే సంవత్సరం లోపు వచ్చి చేయించుకోండి, మీరు రాలేకపోతే మీ కుటుంబంలో ఎవరికైనా ట్రాన్స్‌ఫర్ చేస్తాం అన్నారు. (అబ్బాయికి రొయ్యల మందుల కన్సల్టెంట్ మోసం చేశాడని చెప్పాను, వాడు నమ్మాడు.)

స్టార్లు: ప్రైవసీకి ఒకటి, కాఫీకి ఒకటి, ట్రీట్‌మెంట్‌కి సున్నా, పరీక్షలు చెయ్యకుండా ప్యాకేజీ అమ్మినందుకు మైనస్ వెయ్యాలనుంది గానీ అలా కుదరదంట. భీమవరం డాక్టరు గారికి నాలుగున్నర, ఆ అర ప్లాస్టిక్ కుర్చీలకి కోత.

నిన్న మళ్ళీ ఫోను వచ్చింది వాళ్ళ నుంచి, పండగ ఆఫర్, ఎక్సోసోముల మీద నలభై శాతం తగ్గింపు అని. నేను స్నానంలో ఉన్నా, మా ఆవిడ ఎత్తింది. స్పీకర్ పెట్టి అంతా నిదానంగా విని, "ఆఫర్ వద్దమ్మా, ఆయనవి రెండు సిట్టింగులు మిగిలున్నాయంట కదా, ఆ మిషను మడమ నొప్పికి కూడా వాడతారంటగా, మా అత్తగారికి రెండో కాలు కూడా మొదలైంది, బుధవారం తీసుకొస్తాను, టైము చెప్పు" అంది. అవతల అమ్మాయి చాలాసేపు లైన్లోనే ఉంది, మాట మాత్రం రాలేదు.